సంఘ సంతోషములో వారి వంతు

శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయముల పునాదిరాళ్లు, బిషప్పుల వరుస, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాసుకొనుట ఆచారము. అది తగినదే. నూరేండ్లలో దేవుడు చేసిన మేలులను లెక్కపెట్టుకొనుట కృతజ్ఞతగల సంఘము చేయవలసిన పని. అయితే ఈ చరిత్రలో అంతగా కనబడని కొందరి సంగతి సంఘస్థుల ఎదుట ఉంచవలెనని మేము ఈ వ్యాసమునకు పూనుకొన్నాము. వారు పుట్టుకతోనో పసితనములోనో బుద్ధి ఎదుగుదల మందగించినవారు.

ఊళ్లో వీరిని పిలిచే పేర్లు మనకందరికిని తెలుసు. వెర్రిబాగులవాడు, మతిలేనిది, బుర్ర ఎదగనివాడు. వైద్యులు నేడు మేధో వైకల్యము, ఆటిజము, డౌన్ సిండ్రోము, సెరిబ్రల్ పాల్సీ అని వేరువేరుగా చెప్పుచున్నారు. సెరిబ్రల్ పాల్సీ కలవారిలో కొందరికి శరీరము మాట వినదు గాని బుద్ధి చురుకుగానే ఉంటుంది. ఇది పిచ్చి కాదు, దయ్యము కాదు, తల్లిదండ్రుల పాపమునకు శిక్ష అంతకంటె కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులు అడిగిన ఆ పాత ప్రశ్నకు ప్రభువు ఏనాడో జవాబు చెప్పియున్నాడు.

మేము పరిచర్య చేసిన సంఘములలో పాత రిజిస్టర్లు తిరగవేయునప్పుడు ఒక సంగతి గమనించాము. ఇట్టి బిడ్డ పేరు బాప్తిస్మపు రిజిస్టరులో ఉంటుంది. ఆదివారపు బడి హాజరు పట్టీలో ఒకటి రెండేండ్లు కనబడి ఆగిపోతుంది. నిర్ధారణ పొందినవారి జాబితాలో ఉండదు. యౌవనస్థుల కూటములో, గాయకబృందములో, క్రిస్మస్ నాటకములో ఉండదు. మరల ఆ పేరు కనబడేది భూస్థాపన రిజిస్టరులోనే. ఆ నడుమ నలుబది, ఏబది ఏండ్లు ఆ మనిషికి అన్నము దొరకలేదని కాదు, తల్లి పెట్టినది. గుడ్డ దొరకలేదని కాదు. పండుగకు సంఘమే ఇచ్చినది. దొరకనిది సావాసము, ఆట, పాట, పండుగలో ఒక చోటు. ఈ లోటు చిన్నది కాదని చరిత్ర చెప్పుచున్నది. దానినే క్లుప్తముగా వివరింపబూనుచున్నాము.

ఆశ్రయము ముందు, ఆటపాటలు తరువాత

మన మిషను చరిత్ర కరుణ నిండిన చరిత్ర. 1887లో అమృతసరులో ఆనీ షార్ప్ దొరసానిగారు గ్రుడ్డివారికి బడి తెరిచారు. 1898లో గుంటూరులో అన్నా కుగ్లర్ దొరసానిగారి ఆసుపత్రి వెలసినది. 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠురోగులకు ఆసుపత్రి స్థాపించారు. కాని బుద్ధి ఎదగని బిడ్డల వంతు చాలా ఆలస్యముగా వచ్చినది. వారి జబ్బుకు మందు లేదు. వారికి చదువు రాదని అందరూ అనుకొన్నారు. కనుక వారు ఇంటి వెనుక వసారాకే పరిమితమయ్యారు.

పాశ్చాత్య దేశములలో ఈ పనికి చేయి వేసినవారిలో ఒక బోధకుడున్నాడు. ఆయన పేరు ఆండ్రూ రీడ్. 1805లో విశాఖపట్టణములో తెలుగువారి నడుమ పని ప్రారంభించిన లండను మిషనుకు వెన్నెముకగా నిలిచిన కాంగ్రిగేషనల్ సంఘముల బోధకుడే ఆయన. 1847లో ఆయన పూనికతో లండనులో ఇట్టివారి కొరకు ఒక సంస్థ ఏర్పడినది. 1855లో సర్రే మండలములో ఎర్ల్స్‌వుడ్ అను పెద్ద ఆశ్రమము తెరువబడినది. అక్కడ 1858 నుండి 1868 వరకు వైద్యాధికారిగా ఉన్న జాన్ లాంగ్డన్ డౌన్ గారే, నేడు డౌన్ సిండ్రోము అని మనము పిలిచే స్థితిని 1866లో మొదట వివరముగా వర్ణించారు. ఆయన దానికి ఒక జాతి పేరు తగిలించుట తప్పు. లోకము ఆ పేరును తరువాత విడిచిపెట్టినది. ఆ స్థితికి కారణము 21వ జతలో ఒక క్రోమోసోము అదనముగా ఉండుటయని 1959లో గాని తేలలేదు.

అయినను డౌన్‌గారి పనిలో మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. 1868లో ఆయన, ఆయన భార్య మేరీగారు లండను చెంత నార్మన్స్‌ఫీల్డ్ అను ఆశ్రమమును సొంతముగా ప్రారంభించారు. 1879లో అందులో ఒక నాటకశాల కట్టించారు. రంగుతెరలు, చక్కని వేదిక గల ఆ శాలలో సంగీతము, నాటకములు జరిగేవి. ఆశ్రమ ఉద్యోగులు కూడ వేషములు కట్టేవారు. మనసు ఉల్లాసముగా లేని బిడ్డ ఎదగడని ఆయన నమ్మిక. ఆ నాటకశాల ఈనాటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. ఇతర దేశముల రాణులు, జమీందారులు కట్టించిన నాటకశాలలు ఎన్నో ఉన్నవి గాని, లోకము వెర్రివారని త్రోసివేసిన బిడ్డల కొరకు కట్టినవి అరుదు.

ఎవరికిని తెలియనివారు

అయితే ఆ మంచి రోజులు నిలువలేదు. ఆశ్రమములు పెరిగి పెద్దవైనవి; గోడలు ఎత్తైనవి; వందలమంది ఒకే గదుల వరుసలో కాలము వెళ్లబుచ్చసాగారు. అదే కాలమున, బలహీనులను పుట్టనీయకూడదను ఒక దుష్టబోధ శాస్త్రము వేషము వేసికొని వచ్చినది. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రము ఇట్టివారికి బలవంతముగా సంతానము లేకుండ చేయు చట్టము చేసినది. 1913లో ఇంగ్లండులో వచ్చిన చట్టము వీరిని సమాజము నుండి వేరుచేసి ఉంచుటకు అధికారమిచ్చినది.

ఈ బోధ చివరి ఫలమును జర్మనీ దేశము చూచినది. 1940, 1941 సంవత్సరములలో హిట్లరు ప్రభుత్వము బూడిద రంగు బస్సులను ఆశ్రమములకు పంపినది. సంఘములు నడిపిన ఆశ్రమములకు కూడ ఆ బస్సులు వచ్చినవి. 1941 ఆగస్టునాటికి 70,000 మందికి పైగా బుద్ధిమాంద్యము గలవారిని, మానసిక రోగులను విషవాయువుతో చంపి, ఏదో జబ్బుతో పోయారని ఇంటివారికి ఉత్తరములు వ్రాశారు. పాల్ బ్రౌనే అను లూథరన్ పాస్టరుగారు 1940 జూలైలో దీనిని ఖండించుచు ప్రభుత్వమునకు విజ్ఞాపన పత్రము పంపి, చెరసాల పాలయ్యారు. మ్యూన్‌స్టర్ కతోలిక బిషప్పు వాన్ గాలెన్ గారు 1941 ఆగస్టు 3న ప్రసంగపీఠము నుండి బహిరంగముగా పలికారు. ఆ నెలలోనే ఆ విషవాయువు పని పైకి ఆగినది గాని, ఇతర విధములుగా హత్యలు సాగినవి.

ఈ భయంకర సంగతిని ఆటపాటల వ్యాసములో ఎందుకు చెప్పవలసి వచ్చినదని ఎవరైన అడుగవచ్చును. కారణమున్నది. ఊరికి దూరముగా, గోడల వెనుక, ఎవరితోను స్నేహము లేక బ్రతికినవారిని మాయము చేయుట సులువు. పేరుపెట్టి పిలిచే పొరుగువారు, కలిసి పాడినవారు, కలిసి ఆడినవారు ఉన్న మనిషి కనబడకపోతే ఏడీ అని అడిగేవారుంటారు. స్నేహము అలంకారము కాదు. అది బలహీనునికి ప్రాకారము.

తల్లులు తెరచిన తలుపులు

యుద్ధము ముగిసిన పిమ్మట మార్పు తెచ్చినవారు పెద్ద పండితులు కారు, తల్లులు. 1946లో ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అను తల్లి ఒక పత్రికకు ఉత్తరము వ్రాసి, తన బిడ్డవంటి బిడ్డలు గల తల్లిదండ్రులను కూడగట్టినది. ఆ సంఘమే పెరిగి నేడు మెన్‌క్యాప్ అను పేర పనిచేయుచున్నది. ఆ తల్లిదండ్రుల సంఘము ధనసహాయముతో 1958లో జాక్ టిజార్డ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగము చేశారు. లండనులోని పెద్ద ఆసుపత్రి నుండి 16 మంది పిల్లలను బ్రూక్‌లాండ్స్ అను ఇంటికి తీసికొనిపోయి, శిశువిహారములో వలె ఆటలతో, ప్రేమగా చూచుకొనేవారితో పెంచారు. రెండేండ్లలో ఆ పిల్లలు మాటలలో సాధించిన ఎదుగుదల ఆసుపత్రిలోనే ఉండిపోయిన సాటిపిల్లలకంటె రెట్టింపుకు మించినది. మందు మారలేదు, ఆట వచ్చినది, అంతే.

1960-70 మధ్య అదే సంఘము గేట్‌వే క్లబ్బులను ప్రారంభించినది. పెద్దవారైన ఇట్టి స్త్రీపురుషులు వారమునకొక సాయంత్రము కలిసికొని ఆడుకొనుటకు, పాడుకొనుటకు, టీ త్రాగుచు మాటలాడుకొనుటకు ఏర్పడినవి అవి. స్వీడన్ దేశములో బెంట్ నిర్యే అను ఆయన 1969లో ఒక సూత్రమును వివరించారు. అందరి దినము వలె వీరి దినము, అందరి వారము వలె వీరి వారము, అందరి సంవత్సరము వలె వీరి సంవత్సరము ఉండవలెనని దాని సారము. అనగా పనిదినమునకు తరువాత సెలవు, ఏడాదికొక విహారయాత్ర, పుట్టినరోజు, పండుగ. మరుసటి ఏడు, 1970లో, ఆ దేశములోని మాల్మో పట్టణమున ఇట్టి యౌవనస్థులే ప్రతినిధులుగా కూడి తమ కోరికలు తామే చెప్పుకొన్నారు. పెద్ద గుంపుగా ఊరేగింపు వలె మమ్మును బజారులో త్రిప్పవద్దు, చిన్నపిల్లలను చూచినట్లు చూడవద్దు అనునవి వాటిలోనివి. మాకు ఏమి కావలెనో మమ్మును అడుగుడని వారు కోరారు. ఈ మాట మన సంఘములు గుర్తుంచుకొనదగినది.

అమెరికాలో యూనిస్ కెన్నెడీ శ్రైవర్ గారు 1962లో మేరీలాండులోని తన ఇంటి తోటలోనే ఇట్టి పిల్లలకు వేసవి ఆటల శిబిరము పెట్టారు. ఆమె అక్క రోజ్‌మేరీ ఇట్టి స్థితిగలదే. 1941లో జరిగిన ఒక మెదడు శస్త్రచికిత్స వలన ఆమె మరింత చెడి, ఇంటికి దూరముగా బ్రతుకవలసి వచ్చినది. ఆ కుటుంబ దుఃఖము ఒక లోకోపకారమైనది. 1968 జూలై 20న షికాగో పట్టణములో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగినవి. అమెరికా, కెనడాల నుండి సుమారు 1,000 మంది పాల్గొన్నారు. నేడది అనేక దేశములలో నడుచుచున్నది. 2023లో బెర్లిన్‌లో జరిగిన లోకక్రీడలలో మన భారతదేశపు క్రీడాకారులు 202 పతకములు తెచ్చారు. ఆ వార్త మన సంఘములలో ఎందరికి తెలుసును?

ఒక యాత్ర నేర్పిన పాఠము

సంఘ చరిత్రలో ఈ విషయమై మరువరానిది 1971 ఈస్టరు పండుగ. ఫ్రాన్సులో ఇట్టి ఇద్దరు బిడ్డలు గల ఒక దంపతులు లూర్దు యాత్రకు పోగా, మిగిలిన యాత్రికులతో కూడ వారిని చేర్చుకొనలేదు. వారు దిగిన బసలో భోజనము గదిలోనే పెట్టారు. ఆ వేదన విన్నవారు, ఇట్టి కుటుంబముల కొరకే ఒక యాత్ర ఏర్పాటు చేశారు. 15 దేశముల నుండి 12,000 మంది వచ్చారు. వారిలో సుమారు 4,000 మంది ఇట్టి బిడ్డలు, పెద్దలు. వారు వీధులలో పాడారు, ఆడారు. ఆ సంతోషము నుండి విశ్వాసము–వెలుగు అను ఉద్యమము పుట్టినది.

ఆ యాత్రను నడిపిన ఇద్దరిలో ఒకరైన జాన్ వానియే గారు 1964లో స్థాపించిన లార్ష్ అను సహవాస గృహములు నేటికిని పనిచేయుచున్నవి. 1970లో బెంగుళూరులోను ఆశానికేతన్ పేర ఒకటి వెలసినది. అయితే ఆయన మరణము తరువాత, 2020లో, ఆయన కొందరు స్త్రీలను లైంగికముగా చెరిపినట్లు ఆ సంస్థయే విచారణ జరిపించి ప్రకటించినది. దీనిని దాచరాదు. ఎంతటి పేరుగల భక్తుడైనను అతని చేతిలో బలహీనులను ఒంటరిగా విడువరాదనుట దీని పాఠము. ఇట్టి సావాసము ఎక్కడ ఏర్పరచినను ఇద్దరు పెద్దలు ఎల్లప్పుడు దగ్గర ఉండవలెను. తలుపులు తెరచి ఉండవలెను. ఆ బిడ్డ వద్దన్నప్పుడు వద్దనుటగానే తీసికొనవలెను.

మన దేశములో, మన రాష్ట్రములలో

మన దేశములోను తల్లిదండ్రులే ముందు నడిచారు. 1944లో బొంబాయిలో ఒక పారశీక దంపతులు తమ కుమార్తె నిమిత్తము ఇంటిలో ప్రారంభించిన బడియే పేరుపొందిన జై వకీల్ పాఠశాల. 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ వెలసినది. 1984లో కేంద్రప్రభుత్వము సికింద్రాబాదులో జాతీయ సంస్థను స్థాపించినది. మనోవికాస్ నగర్ అను పేర ఆ చోటు మనలో అనేకులకు తెలుసు. దేశమంతటికిని ఈ విషయములో దారిచూపే సంస్థ మన తెలుగు నేలమీదనే ఉండుట గమనింపదగినది.

తరువాత చట్టములు వచ్చినవి. 1995లో వికలాంగుల చట్టము, 1999లో నేషనల్ ట్రస్టు చట్టము. 2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 30వ అధికరణము ఆటలు, విశ్రాంతి, సాంస్కృతిక జీవితము వీరి హక్కు అని చెప్పినది. 2007లో భారతదేశము దానిని ఆమోదించినది. 2016 నాటి మన దివ్యాంగుల హక్కుల చట్టములో 29వ సెక్షను సాంస్కృతిక జీవితమును, వినోదమును గూర్చినది. 30వ సెక్షను క్రీడలను గూర్చినది. కళలు, నాట్యము, స్కౌట్లు, శిబిరములు మొదలైన వాటిలో వీరికి చోటు కల్పించుట ప్రభుత్వముల విధియని అందులో ఉన్నది. ఒకప్పుడు దయయని తలచినది నేడు హక్కయినది.

కాని కాగితము మీది హక్కు గ్రామమునకు చేరు దారి పొడుగైనది. 2011 జనాభా లెక్కలలో మేధో వైకల్యము గలవారు దేశమంతటా సుమారు 15 లక్షలని తేలినది. మన ఊళ్లలో ఇట్టి కుటుంబము మొదట సదరము శిబిరమునకు పోయి ధ్రువపత్రము తెచ్చుకొంటుంది. దానితో పింఛను వస్తుంది. మండలములోని భవిత కేంద్రమునకు పిల్లవాడు కొంతకాలము పోతాడు. పదునెనిమిదేండ్లు నిండగానే బడి ముగుస్తుంది. తరువాత? ఇంటి అరుగే. ఆట పట్టణములో ఉన్నది. బస్సుకు తోడు కావలెను. తోడు పోయిన తల్లికి ఆనాటి కూలి పోవును. హక్కు ఉండి అందకపోవుట అనగా ఇదే.

మన చేతిలో ఉన్నది

ఇక్కడనే సంఘము సంగతి వచ్చుచున్నది. ఆటస్థలము లేని ఊరిలో కూడ గుడి ఆవరణ ఉన్నది. క్లబ్బులేని చోట స్త్రీల మైత్రి ఉన్నది, యౌవనస్థుల కూటమున్నది, గాయకబృందమున్నది. ఆదివారపు బడి వార్షికోత్సవము, సెలవుల బైబిలు బడి, కోతపండుగ, క్రిస్మస్ పాటలతో ఇంటింటికి తిరుగుట, ప్రేమవిందు, వనభోజనములు – ఏడాది పొడుగున మనకున్నన్ని ఆటపాటలు ఏ సంస్థకున్నవి? లేనిది పిలుపు ఒక్కటే. విందు చేయునప్పుడు ఎవరిని పిలువవలెనో ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో స్పష్టముగా చెప్పాడు. వారికి పొట్లము కట్టి ఇంటికి పంపుమని ఆయన చెప్పలేదు, పిలువుమన్నాడు. దావీదు కూడ మెఫీబోషెతుకు భూమి తిరిగి ఇచ్చి ఊరకుండలేదు. తన బల్లయొద్దనే కూర్చుండబెట్టుకొన్నాడు. జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో చూచిన నూతన యెరూషలేములో వీధులలో పిల్లలు ఆడుకొనుట ఒక గురుతు. ఆ వీధిలో మన ఈ బిడ్డలు లేరని ఎవరు చెప్పగలరు?

చేయవలసినది గొప్ప ఖర్చుతో కూడినది కాదు. మైకు మ్రోత భరించలేని బిడ్డకు వెనుక తలుపు దగ్గర చోటు ఇచ్చి, కావలసినప్పుడు బయట తిరుగనిస్తే చాలును. ఏమి జరుగబోవుచున్నదో ముందుగా బొమ్మలతో చెప్పితే బెదరు తగ్గును. మాట రానివాడు గంట కొట్టగలడు, కంజిర వాయించగలడు, పాటల పుస్తకములు పంచగలడు. క్రిస్మస్ నాటకములో గొల్లవానికి సంభాషణ అవసరము లేదు. మూర్ఛ వచ్చే బిడ్డకు ఏమి చేయవలెనో తల్లిని అడిగి ఇద్దరు నేర్చుకొని ఉండవలెను. నలుబది ఏండ్లవానిని ఆదివారపు బడి పిల్లలలో కూర్చుండబెట్టి బుడగ చేతికి ఇచ్చుట గౌరవము కాదు. అతని చోటు పురుషుల కూటములో. అన్నిటికంటె ముఖ్యమైనది ఏమనగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క స్నేహితుడు లేక స్నేహితురాలు బాధ్యత వహించి, ఇంటికి పోయి వెంటబెట్టుకొని వచ్చి, మరల దిగబెట్టుట. మేరీలాండు తోటలో శ్రైవర్ గారు చేసినది ఇదే. ప్రతి బిడ్డకు తోడుగా ఒక విద్యార్థిని నియమించారు.

ఇట్టి బిడ్డలు గల తల్లిదండ్రులను మేము దర్శించినప్పుడు వారు అడిగే ప్రశ్న ఒక్కటే: అయ్యగారూ, మా తరువాత వీడికెవరు? చట్టము ఒక సంరక్షకుని నియమించగలదు. పింఛను నెలకింత అని వచ్చును. కాని ఎవరు తోడు అను ప్రశ్నకు చట్టములో జవాబు లేదు. ఆ జవాబు తల్లి పోయిన నాడు దొరికేది కాదు. ఇరువది ఏండ్లు కలిసి పాడిన గాయకబృందము, కలిసి ఆడిన యౌవనస్థులు, ప్రేమవిందులో ప్రక్కన కూర్చుండి విస్తరి వేసిన పొరుగువారు – వీరే ఆ జవాబు. ఈ రోజు ఆటకు పిలిచినవాడే రేపు ఏడీ వాడు అని అడుగుతాడు.

కాబట్టి ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున ప్రతి సంఘములోను కాపరియు, పెద్దలును కూడి బాప్తిస్మపు రిజిస్టరు తెరచి, పేరు ఉండి మనిషి కనబడనివారి పట్టీ ఒకటి తయారుచేయవలెనని వినయముగా మనవి చేయుచున్నాము. ఆ పట్టీ తీసికొని క్రిస్మస్ కార్యక్రమములు ఏర్పాటు చేయకముందే ఆ ఇండ్లకు పోవలెను. వారేమి పాడగలరో, వారికేది ఇష్టమో వారినే అడుగవలెను. ఆ తరువాతనే నాటకమునకు వేషములు పంచవలెను. ప్రభువు మన సంఘములను దీవించి, రెండవ శతాబ్దమును ఎవరిని విడువక నడుపును గాక.